కాలిఫోర్నియాకి నచ్చని కొత్త కారు

మా కారు మరీ కొత్తగా ఉందని కాలిఫోర్నియా వాళ్ళు వద్దన్నారు. ఈ మాట ఎవరికి చెప్పినా నాకు ఇంగ్లీషు సరిగ్గా అర్థమై ఉండదనుకుంటారు. అనుకోవడంలో తప్పులేదు, నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. కానీ ఆ రోజు పక్కనే ఎం.టెక్ చదివిన మా ఆయన ఉన్నారు. ఆయనకీ అర్థం కాలేదు.

పెళ్ళయి అరిజోనాలోని చాండ్లర్ వచ్చిన మరుసటేడు ఆయనకి కాలిఫోర్నియాలో, శాన్‌హోసేలో ఉద్యోగం వచ్చింది. ఆయన ముందే వెళ్ళి అక్కడ ఓ గదిలో దిగారు. అపార్ట్‌మెంట్ లీజు గడువు తీరేదాకా నేను చాండ్లర్‌లోనే ఉండిపోయాను. చాండ్లర్‌లో అయితే కార్లు చవకని ఎవరో చెబితే ఆయన వచ్చి చిన్న నీలం కారు కొన్నారు, నాకోసం. అంతకుముందు కారు లేక, ఆ ఎండల్లో పాల డబ్బాకి కూడా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. ఈ కారు పోతే మళ్ళీ అదే కిటికీ. కాకపోతే ఊరు వేరు.

సామాన్లూ పచ్చడి సీసాలూ వేసుకుని అదే కారులో కాలిఫోర్నియా చేరి, దాని నంబరు మార్పించుకోవడానికి అక్కడి బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళాం. ఒకాయన బయటికి వచ్చి బానెట్ ఎత్తమన్నాడు. లోపల అతికించిన కాగితం మీద ఒక్క అక్షరం కనబడలేదు. వాహనపూజ చేసిన రోజు పూజారిగారు బానెట్ కూడా తీయించి, తెల్లగా కనిపించిన మొదటి చోటే గంధం పూసి, నూనెలో కలిపిన కుంకుమతో ఇంత బొట్టు పెట్టారు.

అదేమిటని ఆ ఆఫీసతను అడిగితే గాడ్ కోసం అన్నాను. తాకబోయిన వేలు గౌరవంగా వెనక్కి తీసుకుని, మీరే తుడవగలరా అన్నాడు. దణ్ణం పెట్టుకుని చున్నీ కొంగుతో తుడిచాను. ఫెడరల్ రూల్స్ ప్రకారం ఈ కారు సరైనదే అని ఉంది కింద. కాలిఫోర్నియా మాట ఎక్కడా లేదు.

"ఫెడరల్ అంటే సెంట్రల్ గవర్నమెంటే కదా, అంతకన్నా పెద్దవాళ్ళెవరున్నారు?" అని మా ఆయన ధీమాగా నాతో అన్నారు.

ఉన్నారట. కారు పొగ విషయంలో వాషింగ్టన్‌లోని సెంట్రల్ వాళ్ళ రూలు ఒకటి, కాలిఫోర్నియా రూలు ఒకటి. వీళ్ళది ఇంకా గట్టిది. మిగతా రాష్ట్రాలు ఆ రెండిట్లో ఏదో ఒకటి పాటించాలే తప్ప సొంతంగా మూడోది పెట్టుకోకూడదు. ఆ రోజుల్లో వీళ్ళిద్దరూ దీని గురించే కోర్టులకెక్కారని టీవీలో చెబుతుంటే నేను చానెల్ మార్చేసేదాన్ని.

లోపల కౌంటర్‌లో ఓ పెద్దావిడ వివరంగా చెప్పింది. మీరు కొనేనాటికే ఈ కారు ఏడున్నర వేల మైళ్ళు తిరిగి ఉంటే పాత కారు కింద లెక్క, మాకు అభ్యంతరం లేదు. కొత్తది కాబట్టి కుదరదు. అయితే ఎక్కువ వాడిన బండి పొగ మంచిదా అని మా ఆయన అడిగారు. అలా కాదంది కానీ ఎలాగో చెప్పలేదు. ఆయన నావైపు తిరిగి గొంతు తగ్గించారు.

"చాండ్లర్‌లో మన కిందింటివాళ్ళకి అమ్మేసి, ఏడున్నర వేలు తిప్పించి, మళ్ళీ మనమే కొనుక్కుందాం."

"వాళ్ళ పిల్లలు సీట్లనిండా చిప్స్ పోస్తారండీ."

"ఇప్పుడు చిప్స్ గొడవేంటే నీకు?"

"మరి అప్పటిదాకా నేను దేంట్లో తిరగాలి?"

ఆయన మళ్ళీ కౌంటర్ వైపు తిరిగారు.

మీరు ఈ రాష్ట్రానికి ఎప్పుడు వచ్చారని ఆవిడ అడిగితే, మూడు నెలలయిందని ఆయన నిజమే చెప్పారు. ఇక్కడ ఉంటూ బయట కొత్త కారు కొనుక్కురావడం, సరిగ్గా అదే కుదరదని ఆవిడ తల ఊపింది.  కాగితాలు తిరిగి ఇచ్చేస్తూ ఆగి, ఇందులో ఉన్న పేరు ఎవరిదని అడిగింది.

నాది. ఆయనకి ఏలినాటి శని నడుస్తోందని, ఇనుప వస్తువు ఏదీ ఆయన పేరున కొనొద్దని మా అత్తగారు ఫోన్‌లో ఒట్టు పెట్టించుకున్నారు. మా ఆయన సిగ్గుపడుతూ దాన్ని శాటర్న్ ప్రాబ్లం అని చెప్పి, పేరుకే మా ఆవిడది, డబ్బు కట్టింది నేనే అని కలిపారు. ఆయన కాలు తొక్కాలనిపించింది.

ఆవిడ ఆయన్ని చేత్తో ఆపి నన్నడిగింది. "మీరెప్పుడు వచ్చారమ్మా?"

"మొన్ననే," అన్నాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? లీజూ, కరెంటు బిల్లూ, దారిలో మూత ఊడిన ఆవకాయ సీసా, అన్నీ వచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని, మీరు అరిజోనాలో ఉండగా కొని, అక్కడే మీ పేరున రిజిస్టరయి, మీతో పాటు వచ్చిన కారు కాబట్టి మీకు ఆ రూలు వర్తించదంది. అదే కారు, అదే పొగ. ఆయనదైతే కాలిఫోర్నియా గాలి పాడవుతుంది, నాదైతే ఏం పర్వాలేదు.

ఇప్పట్లో ఎవరి పేరుకీ మార్చొద్దని కూడా చెప్పింది. మరి నేను నడపొచ్చా అని మా ఆయన మెల్లగా అడిగారు. "ఓనర్‌ని అడగండి," అంది ఆవిడ.

బయటికి రాగానే అలవాటుగా తాళాల కోసం చెయ్యి చాపారు.

"నేను నడుపుతానండీ," అన్నాను.

కొత్త నంబరు ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నారు. ఇల్లు చేరేదాకా తన కాళ్ళ దగ్గర లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు.