మిరప కల్లం పక్కన సువార్త సభ

ఫిబ్రవరి ఆఖర్లో ఒక శుక్రవారం పొద్దున ఆరుంబావుకి గుంటూరులో తెనాలి ప్యాసింజర్ ఎక్కాం, నేనూ మా వీధిలో ఉండే రత్నంగారూ. సెల్‌ఫోన్లు ఇంకా పల్లెల దాకా రాని రోజులు. మేం వస్తున్నామని ముందురోజే ఆయన ఎస్టీడీ బూత్ నుంచి ఆ ఊరి కిరాణా కొట్టుకి ఫోన్ చేసి కబురు పెట్టారు.

రత్నంగారు హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరై, ఆదివారాలూ సభలూ అంటూ ఊరూరా తిరిగి వాక్యం చెబుతున్నారు. నేను చర్చికి వెళ్లే మనిషిని కాను. ఆదివారం అనుబంధానికి మిరప కోతల మీద ఏదైనా రాయమని మా పేపరువాళ్లు అడిగితే, ఆయనే అన్నారు, "పర్చూరు పక్కన సభకి వెళుతున్నాను, రండి. మీకు కాయలు, నాకు మనుషులు."

తెనాలిలో దిగి, ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిని, చీరాల వైపు వెళ్లే బండి పట్టుకున్నాం. నిడుబ్రోలు దాటాక ఆయన సంచిలోంచి ఒక ఉత్తరం తీసి చూపించారు. చర్చి సంఘాల పెద్దలు రాసింది. మేం వెళుతున్న ఊళ్లో యాకోబు అనే పాస్టరు ఏడేళ్లుగా ఉంటున్నాడు. చర్చి నిండుగానే ఉంటుంది, కానీ చర్చివాళ్లుండే పల్లె దాటి, రైతులుండే అసలు ఊళ్లోంచి కొత్తమనిషి ఒక్కరూ రాలేదు. ఈ సభ చూసి, అతన్ని ఉంచాలో మార్చాలో రత్నంగారు రాయాలి.

"అతనికి తెలుసా?" అన్నాను.

"తెలుసు. అందుకే కబురు చెప్పగానే, పందిరి ఈసారి కొత్తచోట వేస్తున్నానండీ అన్నాడట. ఎక్కడో చెప్పలేదు."

చీరాలలో దిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండులో చెరకురసం తాగి, పదింబావుకి పర్చూరు మీదుగా మార్టూరు వెళ్లే బస్సెక్కాం. టిక్కెట్టు మనిషికి ఎనిమిది రూపాయలు. నా పక్కన మస్తాన్ అనే టార్పాలిన్ల వ్యాపారి కూర్చున్నాడు. మిరప కల్లాలన్నీ అతనికి కొట్టిన పిండి. మా పని తెలుసుకుని నవ్వాడు.

"మైకు పెట్టి పిలిస్తే వస్తారా సార్? నేను టార్పాలిన్ పట్టా అమ్మేముందు, కాయెట్టా ఉంది బాబాయ్ అని అడుగుతా. పావుగంట కాయ గురించే మాట్లాడతా. పట్టా సంగతి ఆయనే ఎత్తుతాడు."



మేం దిగేసరికి పదకొండున్నర. రోడ్డుకి రెండు పక్కలా ఎర్రగా పరుచుకున్న కల్లాలు. పత్తి తీత అయిపోయి మోళ్లు మిగిలిన చేలు. యాకోబు సైకిల్ మీద ఎదురొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయినవాడిలా ఉంటాడు. పందిరి చూపించడానికి నేరుగా తీసుకెళ్లాడు. అది చర్చి ఆవరణలో లేదు. కోటయ్య అనే రైతు కల్లానికి పడమటి గట్టున, ఆనుకుని వేశాడు.

"ఊళ్లోవాళ్లు మన దగ్గరికి రావటం లేదుగదండీ. సాయంత్రం ఐదున్నరకి అందరూ కల్లాల్లోనే ఉంటారు. మనమే వాళ్ల పక్కకి పోదామని."

ఆలోచన మంచిదేననిపించింది. రత్నంగారు కూడా భుజం తట్టారు. మధ్యాహ్నం యాకోబు భార్య సుగుణమ్మ గోంగూర పచ్చడి, కోడికూర పెట్టింది. వడ్డిస్తూ నెమ్మదిగా అంది, "మార్చేస్తే వెళ్లటానికేముందండీ, రెండు పెట్టెలు. ఈ మనుషులు అలవాటయ్యారు, అదే." యాకోబు తలెత్తకుండా అన్నం కలుపుకున్నాడు.

ఐదున్నరకి సభ మొదలైంది. కూర్చున్నవాళ్లంతా చర్చివాళ్లే, ఎక్కువమంది మిరపకోతలకి వెళ్లే ఆడవాళ్లు. రత్నంగారు తెల్లచొక్కాలో లేచి, గొంతు సవరించుకుని, రెండు మాటలు మాట్లాడారో లేదో, సముద్రం వైపు నుంచి తూర్పుగాలి తిరిగింది. ఆ వేళకే కల్లంలో, మంచు పడకుండా, ఆరిన కాయని చెక్కపారలతో రాశి పోస్తారు. రేగిన ఘాటంతా పందిట్లోకి వచ్చింది.

రత్నంగారు తుమ్మారు. ఆగకుండా తొమ్మిదిసార్లు తుమ్మారు. కళ్లమ్మట ధారలు. నేను జేబురుమాలు అడ్డంపెట్టుకుని దగ్గుతున్నాను. మిగతా అరవైమందీ హాయిగా కూర్చున్నారు. పుట్టినప్పటి నుంచీ ఆ గాలిలో ఉన్నవాళ్లు. ముందు వరసలో ముసలమ్మ ఒకావిడ చేతులు జోడించి, "అయ్యగారికి మనమంటే ఎంత దుఃఖమో చూడండే" అని తనూ కొంగు కళ్లకద్దుకుంది.

"దుఃఖం కాదమ్మా, కారం" అన్నారు రత్నంగారు. అక్కడితో గొంతు పోయింది.

నేను యాకోబు పక్కకి జరిగి, "ఘాటొస్తుందని మీవాళ్లెవరూ చెప్పలేదా?" అన్నాను.

"వాళ్లకి తెలియదండీ. మాకిది వాసన కూడా కాదు" అన్నాడు.

కల్లంలోంచి ఒక గొంతు లేచింది. కోటయ్యది. "ఒరేయ్, పారలు కిందెయ్యండ్రా. ఆ పెద్దాయన కళ్లు పోయేట్టున్నయ్. పట్టాలు కప్పండి." రాశుల మీద పట్టాలు పడ్డాయి. అతని భార్య అనసూయమ్మ తపేలాతో మజ్జిగ, తడితుండూ పట్టుకుని గట్టు దాటి వచ్చింది. "రుద్దమాకండి, అద్దండి" అని రత్నంగారికి దగ్గరుండి చెప్పింది.

ప్రసంగం లేదు. యాకోబుకి ఏంచెయ్యాలో తోచలేదు. ఆ ఇబ్బంది చూడలేక రూతమ్మ అనే కోతమనిషి పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు అందుకున్నారు. రెండు చరణాలయ్యేసరికి అనసూయమ్మ అడ్డం వచ్చింది.

"ఏమే రూతా, మధ్య చరణం ఎగ్గొట్టావే? మా చేలో పాడేటప్పుడు ఎగ్గొట్టవుగా."

"కంగార్లో మర్చిపోయా. నువ్వు పాడమ్మా మరి."

"నేను పాడితే మీ యేసయ్య ఊరొదిలిపోతాడే" అంటూనే ఆమె పాడింది. మాట పొల్లు పోలేదు. పదేళ్లుగా ఆమె చేలో, సాళ్ల వెంట వంగి కాయ కోస్తూ వీళ్లు పాడినవే అవన్నీ. యాకోబు ఆమెవంక అలాగే చూస్తుండిపోయాడు.

పని ఎటూ ఆగిపోయింది కాబట్టి కల్లంలోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పందిరి అంచున గొంతుక్కూర్చున్నారు. పాతికమంది దాకా ఉంటారు. యాకోబు మైకు పక్కన పెట్టి, మామూలు గొంతుతో ప్రార్థన చేశాడు. కాయ ఆరేదాకా వాన పడకూడదని, కోసిన చేతులకి మంటలు తగ్గాలని, మంచి ధర పలకాలని. "ధర సంగతి ఇంకోసారి చెప్పండి పాస్టరుగారూ" అన్నాడు కోటయ్య వెనక నుంచి. పందిరంతా నవ్వింది. యాకోబు నిజంగానే ఇంకోసారి చెప్పాడు.

రాత్రి పాస్టరుగారింట్లోనే పడుకున్నాం. పొద్దున ఏడింటికి వాకిట్లో కోటయ్య, వెనక అనసూయమ్మ.

"పెద్దాయన కళ్లెట్టా ఉన్నయ్?"

ఊరి రైతులు పల్లెలోకొస్తే రోడ్డు మీద నిలబడి పనివాళ్లని కేకేసి వెళ్లిపోతారు. సుగుణమ్మ గ్లాసు పట్టుకుని తటపటాయించింది. "కాఫీ ఉంది... మీరు తాగుతారో..."

"ఇంత పొద్దున్నే కాఫీకి గాక దేనికొస్తానమ్మా" అంటూ అతను గడప దాటి మంచం మీద కూర్చున్నాడు. అనసూయమ్మ ఒక్క క్షణం ఆగి తనూ వచ్చింది. కాఫీ తాగుతూ యాకోబుని నిలదీసింది.

"ఏడేళ్లయింది మీరొచ్చి. ప్రతి సభకీ ఆటోలో మైకు తిప్పుతారు, కాయితాలు పంచుతారు. మా గుమ్మంలోకొచ్చి ఒక్కసారన్నా పిలిచారా?"

"మీరు బొట్టుపెట్టి పిలుచుకుంటారు గదమ్మా. మేం బొట్టు పెట్టం. పెట్టకుండా వచ్చి పిలిస్తే తప్పుగా అనుకుంటారేమోనని."

"బొట్టు లేకపోతే పోయింది. మనిషి రావాలిగా. మేం మిమ్మల్ని పెద్దోళ్లనుకున్నాం, మా ఇళ్లకి రారేమోనని."

యాకోబు లేచి నిలబడ్డాడు. "తప్పు నాదేనమ్మా. వచ్చే ఆదివారం మా చర్చికి రండి" అన్నాడు.

"ఇదేం పిలవటం? మా ఇంటికొచ్చి పిలవండి" అంది ఆమె, గ్లాసు కిందపెట్టి.

మేం బస్సెక్కడానికి బయల్దేరుతుంటే యాకోబు చొక్కా మార్చుకుని వాళ్లింటి వైపు నడిచిపోతున్నాడు. మమ్మల్ని సాగనంపడం కూడా మర్చిపోయాడు.

చీరాలలో పదకొండు దాటాక బండి దొరికింది. పాతికేళ్లలో ఎన్నో సభల గురించి రాశాను. ఎవరు మాట్లాడారో, ఎంతమంది వచ్చారో రాసేవాణ్ని. వాళ్లని ఎవరు, ఎలా పిలిచారని ఒక్కసారీ అడగలేదు. మతమైనా మరొకటైనా, మాట గుమ్మం దాకా నడిచి వెళ్లాలని ఈ ప్రయాణంలో తెలిసింది. ఆ గుమ్మంలో వాళ్లు పెట్టే మజ్జిగ తాగడమూ అందులో భాగమే.

బాపట్ల దాటాక రత్నంగారు కాగితం తీశారు. గొంతు ఇంకా రాలేదు, కళ్లూ ఇంకా మండుతున్నాయి. పెద్దక్షరాలతో ఆగి ఆగి రాసి, తప్పులేమైనా ఉన్నాయా చూడమన్నట్టు సైగ చేసి నా చేతికిచ్చారు. మొత్తం రెండే వాక్యాలు.

"యాకోబును మార్చవద్దని నా మనవి. ఆ ఊళ్లో అతను వెళ్లి పిలవవలసిన ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి."