రేడియేటర్ ముందు రాక్షసుడు

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నాలుగు తలుపుల పికప్పు అది. నాలుగు చక్రాలూ లాగే రకం. చెరకు తోటలో బురదకీ, వానాకాలం పొంగే గెడ్డకీ జంకేది కాదు. నేను ఊరుకుంటే హాయిగా అలాగే ఉండేది. ఊరుకుంటానా?

పెద్ద టైర్లు వేయించాను. బండిని నాలుగంగుళాలు లేపించాను. చోడవరంలో వెల్డింగ్ షాపు దగ్గర రెండు రోజులు నిలబడి ఇనప బంపర్ చేయించి, దాని మీద వరసగా నాలుగు లైట్లు బిగించాను. మా పెళ్ళినాడు తనని కూడా ఇంత ముస్తాబు చెయ్యలేదని మా ఆవిడ దెప్పింది. దెప్పితే దెప్పనీ అనుకున్నాను. అప్పటికే చుట్టుపక్కల ఎవరి బండి మొరాయించినా నాకే ఫోను చేసి సలహా అడిగేవారు. నేనూ అడగనివి కూడా కలిపి చెప్పేవాణ్ణి.

మా అత్తగారిది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. ముస్తాబయ్యాక బండిని చూపిస్తే చుట్టూ తిరిగి చూసి, మెటికలు విరిచి, ఊరందరి కళ్ళూ దీని మీదే ఉంటాయంది. మరుసటి వారం వడ్డాదిలో రేకు దిష్టిబొమ్మ ఒకటి కొని తెచ్చి, సరిగ్గా బండి మూతి మీద, రేడియేటర్ జాలీకి నల్లతాడుతో తనే కట్టింది. అత్తగారు కట్టాక వద్దనే అల్లుడెవడు?

అసలు సంగతి ఆవిడ చిన్న కూతురిది. ఆ పిల్ల కొండమీద ఒక ఊళ్ళో నర్సు. తొలి పురుడు పుట్టింట్లో పోసుకోవాలి గదా. పిల్ల మాత్రం, తను పనిచేసే ఆసుపత్రి పక్కనుండగా కిందికెందుకని అక్కడే కంది. ఆడపిల్ల. మా అత్తగారు అలిగి, నీ కొండ నేనెక్కనంది. అలక నెలన్నరకి మించలేదు. మనవరాలి మొహం చూడకుండా ఉండలేకపోయింది. కానీ మాట పోతుంది కదా, అందుకని పైకెళ్ళే జీపుల్లో ఇరుక్కుని కూర్చోలేననీ, అల్లుడి బండిలో అయితేనే వస్తాననీ అంది. నేను ఎగిరి గంతేశాను. ఇన్నాళ్ళకి నా బండికి దాని స్థాయికి తగ్గ పని దొరికింది.

అత్తగారూ, మా ఆవిడా, నేనూ రెండు డబ్బాల సున్నుండలతో బయలుదేరాం. మాడుగుల దాటి ఘాట్ ఎక్కుతుంటే మూడో మలుపులో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికెళ్ళింది. ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు కాబట్టి గంటసేపు రోడ్డుపక్క కూర్చున్నాం. ఆ గంటలో అత్తగారికి అపశకునం అనిపించింది. ఉసూరుమంటూ వెనక్కొచ్చేశాం.

నేను రేడియేటర్ కడిగించాను, గొట్టాలు మార్చాను, ఫ్యాన్ బెల్టు మార్చాను. ఆవిడ కూడా తనకి తెలిసిన రిపేరు చేసింది. దిష్టి గట్టిగా తగిలిందని చిన్న బొమ్మ తీసేసి చేటంత బొమ్మ కట్టింది. నాలుక బయటపెట్టిన రాక్షసుడు, కొబ్బరిపీచు మీసాలు. రెండోసారి రెండో మలుపులోనే ఉడికిపోయింది. నేను వాటర్ పంపు మార్చాను. ఆవిడ రాక్షసుడి పక్కన మిగిలిన కాస్త చోట్లో బూడిద గుమ్మడికాయ వేలాడదీసింది. మూడోసారి ఘాట్ మొదట్లోనే ఆగిపోయింది. ప్రతిసారీ వెనక్కొచ్చిన సున్నుండలు మా వీధివాళ్ళు తిన్నారు. మళ్ళీ ప్రయాణం ఎప్పుడని ఎదురింటావిడ ఆశగా అడిగేది కూడా.

నవ్వుకుంటున్నాను గానీ, మూడోసారి తిరిగొస్తుంటే వెనక సీట్లో ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఆ గుంట మొగం నాను సూడ్డం దేవుడికే ఇష్టం లేదు బాబూ," అంది.

పై నెలలోనే అన్నప్రాసన. ఆ రోజుకి కూడా చేరలేకపోతే ఈవిడ ఇక కొండ పేరెత్తదు.

సిగ్గు చంపుకుని, ఇలాంటి బళ్ళున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను. నేను సలహాలు పంచే గ్రూపది. ఇంజన్‌ని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టాను. చిత్తూరు వైపు ఒకాయన, బండి ముందు నుంచి ఒక్క ఫోటో తియ్యమన్నాడు. పెట్టాను. ఇంజన్‌కి గాలెక్కడి నుంచి వస్తుంది, ముందు ఆ మొహం తీసెయ్యండి అని రాశాడు. మూడు నెలలుగా రోజూ దాని ముందు నుంచే నడిచాను. అంత తెలివైనవాణ్ణి నేను. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, ఆ లైట్లు కూడా గాలికి అడ్డమే అని. సగం గాలి నేను మూశాను, మిగతా సగం మా అత్తగారు మూసింది.

లైట్లు ఆ సాయంత్రమే పీకేశాను. బొమ్మ జోలికెళ్ళబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. అమ్మకి తెలియకుండా తీస్తే, దారిలో కాకి అడ్డమొచ్చినా జన్మంతా మాట పడాలంది. పోనీ నువ్వు చెప్పమంటే తనూ చెప్పనంది. కూతురి దగ్గరికి వెళ్ళకుండా నిన్ను ఆపింది నీ చెయ్యేనని తల్లితో ఎవరు చెప్పగలరు?

అన్నప్రాసన నాడు తెల్లవారగానే, రాక్షసుడితోనే బయలుదేరాం. ముహూర్తం పదకొండింటికి. లైట్లు తీసిన పుణ్యాన నాలుగు మలుపులు ఎక్కింది. ఐదో మలుపులో మళ్ళీ ముల్లు లేచింది. పక్కకి తీసి ఆపాను.

"తిప్పేయండి బాబూ," అంది అత్తగారు వెనక నుంచి. డబ్బాలు ఒళ్ళోకి తీసుకుంది.

నేను దిగి ఆవిడ వైపు తలుపు తీశాను. ఇంజన్‌కి గాలి ముందునున్న జాలీలోంచే ఆడాలని, నా లైట్లూ ఆ బొమ్మా కలిసి దాన్ని మూసేశాయని, నా వంతు నేను తీసేశానని చెప్పాను.

ఆవిడ ఒళ్ళోని డబ్బాలు పక్కన పెట్టింది.

"అంటే మూడుసార్లూ నన్ను నానే ఆపుకున్నానా?"

"సగం నేను ఆపేను అత్తా."

ఆవిడ దిగింది. నేను లేపించిన ఎత్తు పుణ్యమా అని మా ఆవిడ పీట వేస్తే గానీ కాలు నేలకానలేదు. నన్ను ముట్టుకోనివ్వకుండా ముళ్ళన్నీ తనే పంటితో లాగి విప్పింది. గుమ్మడికాయని రోడ్డుకి అవతల పెట్టింది. రాక్షసుణ్ణి చంకలో పెట్టుకుని బండి వెనక్కి నడిచి, తలుపు కొక్కేనికి కట్టేసింది.

"దిష్టి ముందునించే తగలాలని ఏటుంది బాబూ, ఎనకనించి తగల్దా?" అంది.

ముగ్గురం రోడ్డు మీద నిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. ఇంజన్ చల్లారాక కదిలితే ముల్లు సగం దగ్గరే నిలబడింది. ఘాట్ ఎక్కేశాం. మట్టిరోడ్డులో గెడ్డ దాటుతుంటే ఆవిడ ముందుకు వంగి ముల్లు వైపే చూస్తూ కూర్చుంది.

పదిన్నరకి చేరాం. మరదలు పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తల్లినీ కూతుర్నీ చూస్తే ఎవరు ముందు మాట్లాడతారోనని నాకు భయమేసింది.

"ఐదు నెల్లు పట్టిందా అమ్మా, కొండెక్కడానికి?" అంది మరదలు.

"నానెప్పుడో బయల్దేరేనే. మూడుసార్లొచ్చి దారిలో ఆగిపోనాం. ఈ బండి మంచిది కాదు. కావాలంటే మీ బావనడుగు."

మరదలు నా వైపు చూసింది. నా బండిని ఒక్క మాటంటే తగువేసుకునే మనిషిని నేను. కొత్త పంపు, కొత్త బెల్టు, కడిగిన రేడియేటర్, అన్నీ నోటిదాకా వచ్చాయి.

"అవునమ్మా," అన్నాను. "తప్పంతా బండిదే."

అత్తగారు అప్పటికే పాపని లాక్కుని గుండెకి హత్తుకుంది.