తారాబాయి మూడో దెబ్బ

తారాబాయి పదమూడేళ్ల వయసులో కన్నతండ్రి మణికట్టు విరగ్గొట్టింది. 1951లో, బెల్లంపల్లి బొగ్గుబావుల దగ్గర, కూలీలకు వరుసగా కట్టిన ఇళ్లలో ఒకదానిలో జరిగింది అది. తండ్రి రాయమల్లు బావిలో బొగ్గు ఎత్తే పని చేసేవాడు. పని దిగి దారిలో సారా తాగి వచ్చేవాడు. రాగానే నడుముకున్న తోలు బెల్టు విప్పి భార్య కిష్టవ్వను బాదేవాడు. ఆ రోజు బెల్టు బిళ్ల తగిలి తల్లి కనుబొమ్మ చిట్లింది, రక్తం కంట్లోకి కారింది. తార పొయ్యిలోంచి సగం కాలిన కట్టె లాగి తండ్రి చేతి మీద ఒక్కటి వేసింది. ఎముక విరిగిన చప్పుడు పక్కింటివాళ్లకు కూడా వినబడింది.

రాయమల్లు రెండు నెలలు పనికి పోలేకపోయాడు. ఇంట్లో పూటకు గంజి కూడా కరువైంది. అప్పుడు కిష్టవ్వ అదే బెల్టు తీసి బిడ్డను కొట్టింది.

"నేను పడే దెబ్బలు నేను పడకపోదునా? నిన్ను ఎవ్వలు రమ్మన్నరు నడుమ? ఇప్పుడు ఏం దిందాం, నీ కట్టె దిందామా?"

తారకు తండ్రి కొట్టిన దెబ్బలు గుర్తులేవు గానీ తల్లి కొట్టినవి చివరిదాకా గుర్తున్నాయి. ఇళ్లిళ్లూ తిరిగి బైబిలు చదివి వినిపించే కనకవ్వ అనే ఆవిడ ఆ పిల్లను వెంటబెట్టుకుని కరీంనగర్ తీసుకుపోయి మిషన్ హాస్టల్లో వేసింది. అక్కడే తార చదువు నేర్చింది, ఆస్పత్రిలో కట్లు కట్టడం, పురుళ్లు పోయడం నేర్చింది. ఇరవయ్యో ఏట కైలాసాన్ని పెళ్లి చేసుకుంది.

కైలాసం హుస్నాబాద్ దగ్గరి ఊరివాడు, మాదిగవాడలో పుట్టాడు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు కాలేబు అని పేరు పెట్టారు, ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. బక్కపలచని మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఎవరు తిట్టినా తల వంచుకుని వింటాడు. పిరికివాడేమోనని పెళ్లయిన కొత్తలో తారకు అనుమానం వచ్చింది. ఒకరోజు అతను బట్టలు మార్చుకునేటప్పుడు వీపు చూసి ఆగిపోయింది. మెడ నుంచి నడుము దాకా కొరడా వాతలు.

"ఎవ్వడు కొట్టిండు?"

"దొర గుమాస్తా. వెట్టికి రాకుంటే కొట్టిండు. పదకొండేండ్లుంటయి అప్పుడు నాకు."

"నువ్వేం జేసినవ్?"

"పడ్డ," అన్నాడు కైలాసం.

1959లో క్రైస్తవ సంఘం పెద్దలు ఒక తీర్మానం చేశారు. ఇన్నేళ్లూ సముద్రం దాటి మన దగ్గరికి వచ్చినవాళ్లే గాని మన నుంచి పోయినవాళ్లు లేరు, ఒక జంటను ఆఫ్రికాలోని టాంగన్యీకాకు పంపుదామని. సంఘానికి పెద్ద అయిన అంతయ్య అయ్యగారు కైలాసాన్నీ తారనూ ఎంపిక చేశారు. అతను ప్రసంగిస్తాడు, ఆమె వైద్యం చేస్తుంది. రెండేళ్ల శిక్షణ. తర్వాత బొంబాయిలో ఓడ.

తార ఎన్నడూ సముద్రం చూడలేదు. బెల్లంపల్లి బావుల మీద మసి, కరీంనగర్ ఎండ, ఇవి తప్ప ఏమీ తెలియని ఆమె ఆ రోజు నుంచి సముద్రం గురించే మాట్లాడింది. పొద్దున బైబిలు పాఠం, తర్వాత ఇంగ్లీషు, ఎండ నెత్తిమీదికి వచ్చాక మూటలు మోసుకుంటూ పది మైళ్ల నడక, సాయంత్రం స్వాహిలీ భాష. దారెస్సలాంలో రైల్వే పని చేసి వచ్చిన ఒక ముసలి మాస్టారు ఆ భాష నేర్పేవాడు. "కష్టంలో ఉన్నవాడిని ఓదార్చాలంటే అక్కడ పోలే అనాలె" అని ఆయన చెబితే తార నవ్వాపుకోలేకపోయింది. "మా దిక్కు పోలే అంటే పోలేదని, సార్!"

ఆ శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఒకటి ఉంది. కొట్టినా తిట్టినా చెయ్యెత్తకూడదు. ధర్మపురి జాతరలో సువార్త పుస్తకాలు పంచుతుంటే కొందరు పడుచువాళ్లు గుంపుగా వచ్చి పుస్తకాలు చించి కైలాసాన్ని చెప్పులతో కొట్టారు. అతను వంగి చినిగిన కాగితాలు ఏరుకుంటున్నాడు. తార ఒకడి వేళ్లు పట్టి వెనక్కి విరిచింది, వాడు మోకాళ్ల మీద కూలబడి అరిచాడు. కొబ్బరికాయలమ్మే ఒక ముసలామె మధ్యకు వచ్చి అందరినీ తిట్టి తరిమింది, వీళ్లిద్దరికీ చెంబెడు నీళ్లిచ్చింది. అంతయ్య అయ్యగారు తారను పిలిచి, ఇంకొకసారి ఇట్లా జరిగితే శిక్షణ ఇక్కడితో ఆఖరన్నారు.

ఆ రోజే తార మొగుణ్ణి నిలదీసింది. "నీకు ఎన్నడు కోపమే రాదా? మనిషివేనా?"

అప్పుడు కైలాసం చెప్పాడు. 1948 ఎండాకాలంలో రజాకార్లు వాళ్ల ఊరి మీద పడి మాదిగవాడ తగలబెట్టారు. తండ్రి హనుమండ్లు మేకను విప్పడానికి కొట్టంలోకి పోయి అందులోనే కాలిపోయాడు. ఆ వానాకాలం చివర హైదరాబాదులో నిజాం సైన్యం లొంగిపోయింది. ఊరివాళ్లు పగ తీర్చుకోవడానికి రజాకార్ల కోసం వెతికితే వాళ్లెవరూ దొరకలేదు. ఊళ్లో బట్టలు కుట్టే మహబూబ్ దొరికాడు.

"ఆయన ఏం జెయ్యలే. కుట్టుమిషిని వెనుక దాక్కున్నడు. గుంజుకొచ్చిర్రు. అందరు రాళ్లేసిర్రు. నేను గూడ ఏసిన. నాది ఇక్కడ తాకింది," అని కైలాసం తన కణత చూపించాడు. "నా మొదటి అంగీ కుట్టింది ఆయనే."

ఆ తర్వాత తార అతన్ని పిరికివాడు అనుకోలేదు.

శిక్షణలో చివరి ఏడాది ఏజెన్సీలో ఉండాలి. ఉట్నూర్‌కు ఆరు మైళ్ల లోపల అడవిలో గోండుల గూడెం, పాతిక గుడిసెలు. గూడెం పెద్ద ఆత్రం జంగు పటేల్ ఒక పాత గుడిసె ఇచ్చాడు. మొదట్లో వీళ్లంటే ఎవరికీ నమ్మకం లేదు. తార ఒక అడ్డం తిరిగిన కాన్పు చేసి తల్లినీ పిల్లనూ బతికించాక జనం రావడం మొదలైంది. కైలాసం పిల్లలకు అక్షరాలు నేర్పాడు. మతం సంగతి ఎత్తితే జంగు పటేల్ నవ్వేవాడు. "మా దేవుళ్లు మాకున్నరు గద బాబా. నువ్వు గూడ ఉండు, ఎవ్వలు వద్దన్నరు?"

ఆ అడవిలో టేకు కొట్టించే గుత్తేదారు ఒకడుండేవాడు. అతని మున్షీ రాజలింగు ఎప్పుడు పడితే అప్పుడు గూడేలకు వచ్చి ఎడ్లనూ మనుషులనూ మొద్దులు లాగడానికి తోలుకుపోయేవాడు. రానన్నవాడికి లాఠీ. 1960 డిసెంబరులో జొన్న కోతకొచ్చిన రోజుల్లో అతను నలుగురు మనుషులతో వచ్చాడు.

"కోతలయినంక అస్తం, మున్షీ సాబ్. గీ వారం ఇడువు," అన్నాడు జంగు పటేల్.

లాఠీ ముసలాయన చెవి మీద పడింది. చెవి చిరిగి వేలాడింది. రెండో దెబ్బ పడకముందే కైలాసం పరుగెత్తుకు వచ్చి మధ్యలో నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"కొట్టకు అన్నా. ముసలోడు."

"నువ్వెవడివిరా?" అంటూ రాజలింగు కొట్టాడు. భుజం మీద, మెడ మీద, నోటి మీద. కైలాసం చేతులు అడ్డం పెట్టుకోలేదు. మిగతా నలుగురూ కలిశారు. కింద పడ్డాక కాళ్లతో తన్నారు. దవడ విరిగి ముఖం ఒక పక్కకు జారింది. పళ్లు రెండు మట్టిలో పడ్డాయి. గూడెం మనుషులు గుడిసెల ముందు కదలకుండా నిలబడిపోయారు.

తార ఒక గుడిసెలో బాలింతకు కట్టు మారుస్తోంది. కేకలు విని బయటికి వచ్చి చూసి, గుమ్మం పక్కనున్న రోకలి అందుకుంది. మొదటి దెబ్బ రాజలింగు లాఠీ పట్టిన చేతి మీద వేసింది. మోచేతి కింద ఎముక తోలు చీల్చుకుని తెల్లగా బయటికి పొడుచుకు వచ్చింది. రెండో దెబ్బ మోకాలి మీద. అతను కూలబడ్డాడు. తార రోకలి రెండు చేతులా తల పైకి ఎత్తింది, అతని నడినెత్తి కేసి చూసింది.

కాలిని ఎవరో పట్టుకున్నారు. కింద రక్తంలో పడి ఉన్న కైలాసం రెండు చేతులతో ఆమె చీలమండ పట్టుకున్నాడు. నోట్లోంచి మాట రావడం లేదు, నురుగూ రక్తమూ వస్తున్నాయి. తార విదిలించుకుంది. అతను వదల్లేదు. రోకలి గాలిలో అట్లాగే ఆగిపోయింది. తర్వాత ఆమె దాన్ని పక్కకు విసిరేసింది.

నలుగురు మనుషులూ మున్షీని వదిలేసి అడవిలోకి పారిపోయారు. తార తన చీర కొంగు చింపి, వెదురు బద్దలు పెట్టి, ముందు రాజలింగు చేతికి కట్టు కట్టింది. ఎముక బయటికి వచ్చింది కాబట్టి అతనిదే ముందు కట్టాలి. అతను "అవ్వా, అవ్వా" అని ఏడుస్తుంటే "మెదలకు. మెదిలితే ఇంకింత ఇరుగుతది" అని కసిరింది. ఆ తర్వాతే మొగుడి దవడకు కట్టింది. ఇద్దరినీ ఒకే బండిలో ఉట్నూర్ పంపారు. అక్కడి నుంచి పట్నం దారి దూరమైంది, చెయ్యి చీము పట్టింది. పట్నం ఆస్పత్రిలో రాజలింగు చేతిని మోచేతి దాకా తీసేశారు.

కేసు అయింది. గూడెం గోడు వినేవాడు లేడు గాని, గుత్తేదారు ఫిర్యాదు మాత్రం వెంటనే అందింది. వాయిదాకు వారం ముందు అంతయ్య అయ్యగారు కరీంనగర్ నుంచి వచ్చారు. మేలో ఓడ ఉంది, ఇద్దరికీ స్థలం దొరికింది.

"బండి బోల్తా పడి చెయ్యి ఇరిగిందని చెప్పుర్రి. గూడెపోల్లు గూడ గదే చెప్తరు. కేసు ఎగిరిపోతది. ఇంత పెద్ద పని ఒక్క మాట కోసం ఆగద్దు," అన్నారు. చెప్తున్నప్పుడు ఆయన నేలకేసి చూస్తున్నారు.

తార వెంటనే ఒప్పుకుంది. కైలాసానికి దవడ కదలకుండా తీగతో బిగించారు, మాట్లాడలేడు. పిల్లల పలక తీసుకుని రాశాడు. 'అబద్ధం మీద ఓడెక్కను.'

తార ఆ పలకను లాక్కుని నేలకేసి కొట్టింది. అది ముక్కలైంది. "నీ కోసమే గద కొట్టిన! సచ్చిపోతుండే నువ్వు!"

వారం తర్వాత కోర్టులో కైలాసం బిగించిన పళ్ల మధ్య నుంచి ఒక్కొక్క మాటే చెప్పాడు. తనకు తగిలిన దెబ్బలన్నీ చెప్పాడు, జంగు పటేల్ చెవి సంగతి చెప్పాడు. "చెయ్యి ఎవరు విరిచారు?" అని వకీలు అడిగితే తార వైపు చూశాడు. "నా భార్య. రోకలితోని. రెండు దెబ్బలేసింది." మున్షీ మనుషులకు జరిమానా పడింది. తారకు మూడు నెలల జైలు పడింది.

జైలుకు అతను ప్రతి ఆదివారం వచ్చాడు. మొదటి నాలుగు వారాలు ఆమె బయటికి రాలేదు. లోపల రెండుసార్లు కొట్లాడింది, ఒకసారి తల పగిలింది. ఐదో వారం వచ్చి కటకటాల అవతల నిలబడింది.

"ఓడ పోయిందా?"

"పోయింది. వేరేటోళ్లను పంపిర్రు."

"నన్ను జైల్ల ఏపించి నీకేం అచ్చింది?"

"ఏం రాలే." అతని దవడ వంకరగా అతుక్కుంది, మాట తడబడుతోంది. "మూడో దెబ్బ పడితే ఆడు సచ్చేటోడు, తారా. నేను రాయి ఏసిన్నాడు నా కాలు పట్టుకున్నోడు ఒక్కడు లేకుండె. నిన్ను పట్టుకున్న. గంతే జెయ్యగలిగిన."

ఆమె లోపలికి పోయింది. విడుదలైన రోజు జైలు గేటు బయటికి వచ్చి, జంగు పటేల్ చూస్తుండగా, మొగుడి చెంప మీద కొట్టింది. వంకర దవడ మీద కాదు, రెండో వైపు. కైలాసం కదల్లేదు.

"ఇంకోటి కొట్టాల్నంటే కొట్టు. గని జల్ది కొట్టు. లేతుబాయికి నెలలు నిండినయి, నొప్పులు అస్తున్నయట. బస్సు పోతది."

లేతుబాయి జంగు పటేల్ కోడలు. తార మూట తీసుకుని బస్సెక్కింది. ముగ్గురూ గూడెం చేరేసరికి బిడ్డ తల కనిపిస్తోంది.

సంఘం కైలాసాన్నీ తారనూ పనిలోంచి తీసేసింది. వాళ్లు గూడెం వదిలిపెట్టలేదు. జంగు పటేల్ చూపించిన రెండెకరాల్లో జొన్న వేసుకున్నారు. కైలాసం వంకర నోటితో పాఠాలు చెబితే పిల్లలు దగ్గరికి జరిగి వినేవాళ్లు. వాళ్లకూ ఇద్దరు పిల్లలు పుట్టారు. తార ఎప్పుడూ సముద్రం చూడలేదు. కొన్ని రోజులు ఆ కోపంతో పొద్దంతా మాట్లాడేది కాదు, ఆ రోజుల్లో గూడెం ఆడవాళ్లు కూడా ఆమెకు దూరంగా ఉండేవారు.

1964లో గుత్తేదారు మారాడు, కొత్త మున్షీ మనుషులు లాఠీలతో వచ్చారు. కైలాసం మళ్లీ ముందుకు పోయి నిలబడ్డాడు. మొదటి దెబ్బకే భుజం పట్టు తప్పి కింద పడ్డాడు. తార వచ్చి అతని పక్కన నిలబడింది, ఈసారి చేతిలో ఏమీ లేదు. వెనక నలభై మంది గోండులు కట్టెలతో, గొడ్డళ్లతో వచ్చి నిలబడ్డారు. జంగు పటేల్ చిరిగిన చెవితో అందరికన్నా ముందున్నాడు.

"రెండో దెబ్బ ఎయ్యి," అంది తార. "ఏసినంక మల్ల వీళ్లను నేను ఆప. నా తోటి కాదు."

వాళ్లు వెనక్కి తిరిగారు. ఆ మున్షీ మనుషులు మళ్లీ ఆ గూడేనికి రాలేదు.

ఆ సాయంత్రం భుజానికి ఆముదం రాస్తుంటే మొగుడూ పెళ్లాల మధ్య మొదలైన వాదన ఏళ్ల తరబడి సాగింది.

"నేను చెయ్యెత్తకుండ నిలబడ్డ గాబట్టే సిగ్గయి పోయిర్రు," అనేవాడు కైలాసం.

"గొడ్డండ్లు చూసి పోయిర్రు. జర సక్కగ కూసో, నూనె కారుతంది," అనేది తార.