అక్క మెడచుట్టు మచ్చ

సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికకు సాక్ష్యం రాయుమని పాస్టరయ్యగారు అడిగిండ్రు. దేవుడు చేసిన మేలు చెప్పాలె గనుక రాస్తున్న; మనం చేసింది గూడ అందులనే కలిసి ఉంది, విడిగా తీసే ఉపాయం నాకు దొరకలేదు.

మా అక్క రూతమ్మ మీకందరికీ ఎర్కే. బావ పోయినంక ఉప్పుగూడల ఒక కిరాయి అర్రలో ఇద్దరు పిల్లలతోని ఉండి, ఎండల ఇటుకలు మోసి బతికింది. బియ్యం దొరకని ఆ కరువు రోజుల్లో ఆమె చేతుల మీద, మెడచుట్టు దండ వేసినట్టు నల్లటి మచ్చ లేచి, చర్మం పొలుసులుగా రాలి, కడుపు నిలవక, నిద్ర పట్టక, ఆఖరికి మాటలు గూడ తప్పుతుంటే, మనవాళ్లు డాక్టరుకన్న ముందే అది పెద్దరోగమని, కుష్ఠని తేల్చేసిండ్రు. నాకు బి.ఏ. డిగ్రీ ఉంది గాని అందుల చర్మం పాఠం లేదు.

“రూతమ్మా, జర ఎన్క కూసో బిడ్డా, పిల్లలు భయపడ్తున్నరు,” అన్నడు ఒక సంఘపెద్ద. మస్తు మర్యాదగనే అన్నడు. ప్రభువు బల్ల నాడు అందరు తాగినంకనే ద్రాక్షరసం గిన్నె ఆమె దాకా వచ్చేది. కొన్నాళ్లకు గిన్నె రావడమే మానేసింది.

అంతటితోని ఆగినా బాగుండు. సంఘపెద్దలు అక్క ఇంటికొచ్చి మోకాళ్లూని, “ప్రభువా, ఈ బిడ్డ దాచిన పాపాన్ని బయటికి తియ్యి” అని ప్రార్థించిండ్రు. అప్పటికే మతి నిలకడలేని అక్క నిజంగనే వెతికింది. చిన్నప్పుడు మేకకు మేత వెయ్యకుండ ఆడుకున్న అని ఏడ్చింది. “అది కాదమ్మా, ఇంకా లోపల ఉంటది, చూడు,” అన్నరు. ఆమె దగ్గర అంతకన్న పెద్దది లేకపాయె. నా చెయ్యి పట్టుకొని, “తమ్మీ, నేనేం చేసిన్నో యాదికొస్తలేదు, నువ్వన్న చెప్పు,” అన్నది.

ఆ పొద్దు నేను మోకరించిన. “దేవా, ఈమె ఏం చెయ్యలేదని నీకు తెలుసు. ఆ సంగతి తెలిసిన ఇంకొక్క మనిషిని చూపించు.”

తెల్లారి రిక్షాల సర్కారు దవాఖానకు తోల్కపోయిన. డాక్టరమ్మ ఆ మచ్చను చేత్తోని ముట్టి చూసింది. అక్కను బయటోళ్లు ముట్టి మస్తు రోజులైంది.

“ఏం తింటవమ్మా?”

“జొన్నరొట్టె, కారం.”

“పప్పు, పాలు, గుడ్డు?”

“అవి పిల్లలకు.”

దాచిన పాపం అట్ల బయటపడింది. దాన్ని పెల్లాగ్రా అంటరట, నియాసిన్ అనే బి విటమిన్ ఒంట్లో తక్కువైతే, అందులగూడ వట్టి జొన్నల మీద బతికేటోళ్లకు వస్తదట, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదట. అంటుకోదు అన్న మాట డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది, మీకోసమే కావచ్చు. బిళ్లలిచ్చి, పల్లీలు, పాలు, మాంసం తినమన్నది. వారం తిరగకముందే అక్క మతి కుదురుకున్నది, మెల్లగ చర్మం గూడ. దేవునికే మహిమ, ఆ బిళ్లలు గూడ ఆయన పంపినవే.

అక్క మిమ్మల్ని క్షమించింది, మీ పిల్లలకు పాటలు నేర్పుతున్నది. నాకు ఆ కృప ఇంకా అందలేదు, ప్రార్థనలో పెట్టండి. ప్రభువును నమ్మండి సహోదరులారా, ఆయన నమ్మదగినవాడు. మనకు గూడ ఆ పేరు రావాల్నంటే, పక్కన కూసున్న మనిషి ఒంటిమీద మచ్చ కనబడిన నాడు, ఏం పాపం చేసిందని అడిగేముందు, నిన్న ఏం తిన్నదో అడగండి.