ప్లాస్టరు మీద రాసిన అక్షరాలు

పెద్ద టీచరమ్మ పోయారని నేను రాజాం బజార్లో ఉండగా ఫోనొచ్చింది. చేసింది ఆవిడ తమ్ముడు. "అక్క ఎల్లిపోనాది బాబూ. సాయంత్రం సర్చికి తీసుకెల్తాం, ఒస్తే రండి" అన్నాడు. వస్తానన్నాను గానీ, ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక అక్కడే టీకొట్టు బల్ల మీద కూలబడ్డాను.

హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ కాబట్టి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆవిడ పెద్ద టీచరమ్మే. ఆదివారం చర్చిలో పాటెత్తుకునే గొంతుతోనే సోమవారం అసెంబ్లీలో తిట్లెత్తుకునేవారు. బొడ్లో తాళాల గుత్తి, చేతిలో ఎప్పుడూ సుద్దముక్క. టీ గ్లాసు ముందుపెట్టుకుని మాటల్లో పడి మర్చిపోయి, చల్లారిపోయాక ఒక్క గుక్కలో తాగేసేవారు. నేను పక్క మండలంలో లెక్కల మేష్టార్ని. ఆవిడ దగ్గర చదువుకున్నవాణ్ణి కాదు, ఆవిడకు మార్కులు వేసినవాణ్ణి. ఆ ఘనకార్యం సంగతే చెప్తాను.

అందరి చేతుల్లోకీ ఇంకా స్మార్ట్‌ఫోన్లు రాని రోజులు. తొమ్మిదో తరగతి పిల్లల కోసమని మా బడులకు లాప్‌టాప్‌లు వచ్చాయి. పంపినవాళ్ల ప్లాను చూడాలి మీరు! బడికి ఇరవై. గదిలో ప్లగ్గులెన్ని, కరెంటు ఎన్ని గంటలుంటుంది అని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. పాడైతే హెడ్మాస్టరుదే పూచీ అని మాత్రం రెండుసార్లు రాశారు, కింద గీత గీసి మరీ. ఇంకేముంది, బడులన్నీ వాటిని బీరువాల్లో పెట్టి తాళాలేసేశాయి. మా బడి కూడా.

పెద్ద టీచరమ్మ వేయలేదు. "అన్నం వండీసి ఉట్టి మీద ఎట్టీసి, పిల్లల్ని వాసన సూసుకోమంటారేటి?" అన్నారు. తోటి టీచర్లు భయపెడితే, "రేపు దేవుడు పిల్లలేటి నేర్సుకున్నారని అడుగుతాడు గానీ, పెట్టెలు నలిగినాయా అని అడగడు" అన్నారట. పాత చీరలతో సంచులు కుట్టించి, వంతులవారీగా పిల్లల ఇళ్లకు పంపారు. వాళ్లు ముసలమ్మల పింఛను అర్జీలు, బోరు బాగు చెయ్యమనే అర్జీలు టైపు కొట్టేవారు. కొట్టి కొట్టి మీటల మీద అక్షరాలు అరిగిపోయేవి. ఆవిడ సబ్‌సెంటరు నర్సమ్మని అడిగి తెల్ల ప్లాస్టరు తెచ్చి, చిన్న చిన్న ముక్కలు కత్తిరించి మీటలకు అంటించి, ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం తన చేత్తో రాసేవారు.

రెండేళ్లకు మూల్యాంకనం అన్నారు. పట్నం నుంచి జీపులో ఒక పెద్దసారు, ఆయన వెనక ఫారాలు నింపడానికి నేను. మొదట వెళ్లిన బడిలో బీరువా తెరిస్తే ఇరవై అట్టపెట్టెలూ కొత్త పెళ్లికొడుకుల్లా నిగనిగలాడుతున్నాయి. దసరా ఆయుధపూజకు ఒక్కోదానికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు కూడా పెట్టారు. అట్టపెట్టెకే! ఒక్కటి విప్పలేదు, ఒక్క స్విచ్చి నొక్కలేదు. "ఎంత పదిలంగా ఉంచారయ్యా!" అని సారు మురిసిపోయారు. 'ఉత్తమ నిర్వహణ' గడిలో నేను టిక్కు పెట్టాను. సిగ్గులేని చెయ్యి!

అక్కణ్ణుంచి పెద్ద టీచరమ్మ బడికి వెళ్లాం. ప్లాస్టరు మీటలు చూసి సారు పకపకా నవ్వారు. "ఇదేంటమ్మా, లాప్‌టాప్‌లకు కట్లు కట్టారు?"

"పని సేసిన సేతికే దెబ్బ తగుల్తాది బాబూ" అన్నారావిడ.

ఆయనకేం అర్థమవుతుంది! ఆ మహానుభావుడి చేతికి జన్మలో అంటింది సంతకం సిరా ఒక్కటే. ఆవిడ అర్జీల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. ఫారంలో వాటికి గడి లేదు. కీబోర్డు బాగుందా, పాడైందా, అంతే. సారు 'పాడైంది' మీద వేలు పెట్టి చూపించి జీపెక్కేశారు. నేను టిక్కు పెట్టేశాను.

ఆవిడ నా పక్కకొచ్చారు. "నువ్వూ బడి పంతులువే గదా బాబూ. ఆ ఒక్క గడి దిద్దీయి. పాడైనాయని రాస్తే పట్టుకుపోతారు. నా పిల్లలకి మల్లీ ఎవులిస్తారు?"

"నా సేతిల్లో ఏటుందమ్మా" అన్నాను. పెన్ను నా చేతిలోనే ఉంది! పిరికి సన్నాసిని.

నెల తిరక్కుండా ఆ ఇరవైనీ పట్టుకుపోయి, బొట్లు పెట్టిన బడికే ఇచ్చారు. వాళ్లు బాగా చూసుకుంటారట! వాళ్లు వాటినీ బీరువాలో పెట్టి తాళమేశారు. పెద్ద టీచరమ్మకు మెమో వచ్చింది. మరుసటి ఏడు రిటైరయ్యారు.

తర్వాత ఒకసారి గరివిడిలో బస్సు కోసం నిలబడి కనిపించారు. కడిగిపారేస్తారనుకున్నాను. "మీ బల్లో పిల్లలకైనా ఆ పెట్టెలు ఇప్పీసి ఇస్తన్నావా బాబూ?" అని మాత్రం అడిగారు. మర్నాడే మా హెడ్మాస్టరుతో పోట్లాడి బీరువా తీయించాను. ఇప్పుడు మా పిల్లల చేతుల్లో ఉన్నవి ఆవిడ పెట్టిన భిక్షే. అయినా ఆ గడి ఆ గడే, నేనింక దిద్దలేను.

సాయంత్రం వెళ్లాను. వాకిట్లో షామియానా కింద ఆవిడ దగ్గర చదివిన ఆడపిల్లలు చర్చి పాట పాడుతున్నారు. "అక్క మీ గురించి సెప్పీది" అన్నాడు తమ్ముడు. ఏం చెప్పేవారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పెట్టెలో తెల్లచీరతో పడుకున్నారు. గుండెల మీద రెండు చేతులూ కలిపి పెట్టారు. కుడిచేతి మీద, ఆసుపత్రిలో సెలైను సూది గుచ్చినచోట, తెల్ల ప్లాస్టరు ముక్క ఇంకా అలాగే ఉంది. దాని మీద ఏ అక్షరమూ రాసి లేదు.