పైన ఇరవై రెండు, కింద ఇరవై ఎనిమిది

మా పక్కింటి అక్క పోయిన మంగళవారం చనిపోయింది. పొద్దున్నే నా సైకిలు షాపు తీస్తుంటే ఆమె మరదలు వచ్చి చెప్పింది. "రాత్రి మజ్జిగన్నం తిని పడుకుందండీ. లేపితే లేవలేదు" అంది. సగం ఎత్తిన షట్టరు మళ్ళీ దించి ఆమె వెంట వెళ్ళాను. చాలాకాలంగా షుగరు ఉంది, ఈ మధ్య కాళ్ళకి నీరు పడుతోంది. సాయంత్రం వాళ్ళ చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. చీకటి పడకముందే సమాధి చేసి వచ్చాం.

మాకు బంధుత్వం లేదు. మతాలు కూడా వేరు. ఇరవై ఏళ్ళుగా ఆమె గోడా మా గోడా ఒకటే, అంతే. నాకంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంటి పక్కనే ఒక గది కట్టించుకుని, ఇడ్లీలు వేసి, వట్లూరు వైపు కాలేజీల దగ్గర అమ్ముకుని బతికింది.

ఆమె బండి ఒక వికలాంగుల క్యాంపులో ఇచ్చిన మూడు చక్రాల బండి. కాళ్ళతో తొక్కేది కాదు. ఛాతీకి ఎదురుగా రెండు చేతి పెడళ్ళుంటాయి. వాటిని తిప్పితే చైను ముందు చక్రాన్ని లాగుతుంది. సీటు వెనక చెక్కపెట్టె నేనే బిగించాను. అందులో ఇడ్లీ గిన్నెలు, సాంబారు క్యాను, పచ్చడి, మంచినీళ్ళు. అన్నీ కలిపితే ఒక బియ్యం బస్తా బరువు తూగేది.

మా వీధి రైలు పట్టాలకి ఇవతల, కాలేజీలు అవతల. మొదట్లో మధ్యలో గేటు ఉండేది. నేలంతా చదును. గేటు పడితే ఆమెకి మంచిదే, ఆగినవాళ్ళు అక్కడే ఒక ప్లేటు తినేవాళ్ళు. తర్వాత గేటు మూసేసి వంతెన కట్టారు. ఊరంతా సంతోషించింది. నేనూ సంతోషించాను. వంతెన మొదట్లో బండి ఆపుకుని పైకి చూస్తున్న అక్కని మూడో రోజో నాలుగో రోజో చూశాను.

"ఏలూరు నుంచి గూడెం దాకా కొండన్నదే లేదనేవాడు మా నాన్న. గవర్నమెంటోళ్ళు నా కోసం ఒకటి కట్టేరు తమ్ముడూ" అంది.

అప్పట్నుంచీ ఎవరో ఒకరు తోసేవాళ్ళు. కాలేజీ కుర్రాళ్ళు, పాలవాళ్ళు, ఒక్కోసారి నేను. తోసేవాళ్ళు మంచివాళ్ళే. కానీ వాళ్ళ వేగంతో తోస్తారు. సాంబారు ఒలికేది. ఒక కుర్రాడు సగం ఎక్కాక ఫోనొచ్చిందని చెయ్యి వదిలేశాడు. ఆమె బ్రేకు బిగబట్టుకుని, ఇంకెవరైనా వచ్చేదాకా అలాగే ఉండిపోయింది. పొద్దున్న ఆరింటికి తోసే మనిషి దొరకడు. దొరికేసరికి ఇడ్లీలు చల్లారిపోయేవి, హాస్టలు పిల్లలు క్లాసులకి వెళ్ళిపోయేవాళ్ళు. సగం సరుకు వెనక్కి వచ్చేది.

ఒకరోజు షాపు ముందు బండి ఆపింది.

"దీన్ని నా అంతట నేను ఎక్కేలా చెయ్యగలవా? లేదంటే ఇంకో నెల చూసి మానేస్తాను. తమ్ముడింట్లో కూర్చుంటాను."

"ఎవరో ఒకరు తోస్తున్నారు కదక్కా."

"కూర్చోవడం నాకేం కొత్త కాదు. ఒకళ్ళింట్లో కూర్చోవడం వేరు. రోజూ ఒకళ్ళ మొహం చూసి అడగడం వేరు" అంది.

పైన చేతి పెడళ్ళ దగ్గర నలభై నాలుగు పళ్ళ చక్రం, కింద ముందు చక్రానికి పద్దెనిమిది పళ్ళ ఫ్రీవీల్ ఉండేవి. చేతులు ఒక చుట్టు తిప్పితే బండి చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. పైన చిన్నది, కింద పెద్దది వేస్తే బండి తేలిగ్గా ఎక్కుతుంది, నెమ్మదిగా నడుస్తుంది. సైకిలు పనిలో ఉన్న ఎవరికైనా ఇది తెలుసు. ఎంత చిన్నది, ఎంత పెద్దది అనే దగ్గరే తేడా వస్తుంది.

నేను పైన ముప్ఫై ఆరు, కింద ఇరవై వేశాను. అంతకంటే తగ్గిస్తే చదును మీద మరీ నత్తనడక అయిపోతుందని జాలిపడ్డాను. బిగించాక నేనే ఎక్కి వీధి చివరి దాకా తిప్పి చూశాను. హాయిగా నడిచింది.

మర్నాడు పదింటికి ఆమె తిరిగొచ్చింది. జాకెట్టు చెమటకి తడిసిపోయి ఉంది. మూడో వంతు ఎక్కాక చేతులు ఆగిపోయాయట. ఎవరో లారీ క్లీనరు దిగి తోశాడట.

"నేనడిగింది ఇవ్వలేదు నువ్వు. నీకు సరిపడేది ఇచ్చేవు" అంది. కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

"నడిపి చూశానక్కా, బాగానే…"

"ఖాళీ బండి నడిపి చూసేవు. వీధిలో చూసేవు. ఇయ్యాల నిండు బండి నువ్వు ఎక్కించు, చూద్దాం."

నా భార్య గుమ్మంలోంచి వింటోంది. "అవునండీ, ఎక్కించండి. పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నారుగా" అంది.

వంతెన దగ్గరికి వెళ్ళాం. పెట్టెలో బస్తా తవుడు వేశాం. అక్కని ఎత్తి అక్కడి సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టాం. కాళ్ళు నేలకి తన్ని సాయం తీసుకుంటానని ఆమె నా రెండు మోకాళ్ళూ కలిపి తువ్వాలుతో కట్టేసింది. టీ కొట్టు దగ్గరివాళ్ళు లేచి వచ్చారు. "పెళ్ళికొడుకుని ఊరేగిస్తున్నారేంటండీ" అన్నారెవరో.

మొదటి పది గజాలు బాగానే ఉంది. తర్వాత భుజాల్లో మంట మొదలైంది. కాళ్ళతో తొక్కేవాడు ఒంటి బరువంతా పెడలు మీద వేస్తాడు. కూర్చుని చేతులతో తిప్పేవాళ్ళకి వేయడానికి బరువే లేదు. ఉన్నవి రెండు చేతులే. ఆమె ఆగిపోయిన చోటికి కూడా నేను చేరలేదు. బ్రేకు పట్టుకుని వెనక్కి జారుకుంటూ దిగాను. చేతులు వణుకుతుంటే తువ్వాలు ముడి నేను విప్పుకోలేకపోయాను. ఆమే విప్పింది.

"ఇప్పుడు తెలిసిందా, ఎన్ని పళ్ళు కావాలో" అంది.

ఏలూరులో పాత సామాన్ల కొట్లలో రెండు రోజులు తిరిగాను. ఒక గేరు సైకిలు వెనక చక్రంలోంచి ఇరవై ఎనిమిది పళ్ళది దొరికింది. దాన్ని ఫ్రీవీల్‌కి వెల్డింగు చేయించాను. పైన ఇరవై రెండు పళ్ళది పెట్టాను. ఇప్పుడు చేతులు ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. ఈసారి తవుడు బస్తా వేసి నేనే మొదట తిప్పి చూశాను. సగం ఎక్కాక రోడ్డు మీది ఇసకలో ముందు చక్రం జారింది. బరువంతా వెనక ఉండటం వల్ల ముందు చక్రానికి పట్టు లేదు. సాంబారు క్యానూ నీళ్ళ క్యానూ ఆమె కాళ్ళ దగ్గరికి మార్చి, వాటికి ఇనప చట్రం కట్టాను. అప్పుడు కుదిరింది.

"పని తగ్గదక్కా. ఎక్కువసేపు తిప్పాలి. అంతే" అని చెప్పాను.

"ఒక్కసారే మీద పడకుండా ఉంటే చాలు. ఎంతసేపైనా తిప్పుతాను" అంది.

చదును మీద నిజంగానే నత్తనడక అయింది. పక్కన నడిచేవాళ్ళు దాటిపోయేవాళ్ళు. అరగంట దారికి గంట పట్టేది. ఆమె గంట ముందు లేచేది. కొల్లేటి వైపు నుంచి ఎదురుగాలి వీచే రోజుల్లో మాత్రం, దాటిపోయిన సైకిళ్ళవాళ్ళు తొక్కలేక దిగిపోతే, వాళ్ళందరినీ మళ్ళీ కలుసుకునేది. బ్యాటరీ బండికి అప్లికేషను పెట్టమని అయ్యగారు చాలాసార్లు చెప్పారు. "అది దారిలో అయిపోతే మళ్ళీ తోసేవాళ్ళని వెతుక్కోవాలండీ" అనేది.

అలా పదకొండేళ్ళు తిప్పింది. ఆ పళ్ళు ఆమెకి సుఖాన్నిచ్చాయని నేను చెప్పను. చివరి రెండేళ్ళు కుడి భుజం పైకి లేచేది కాదు. జడ మరదలు వేసేది. సాయంత్రాలు గోడ మీంచి జండూబామ్ వాసన వచ్చేది. మానెయ్యమంటే, "రేపు చూద్దాం" అనేది. మర్నాడు తెల్లవారుజామున చైను చప్పుడు వినిపించేది.

పెదపాడు నుంచి చేపల చెరువులకి మేత బస్తాలు మోసేవాళ్ళు ఇప్పుడు నా దగ్గరికి వస్తారు. గట్టు ఎక్కడం లేదండీ, పళ్ళు మార్చండి అంటారు. ముందు బండి నింపుకుని రమ్మంటాను. విసుక్కుంటారు. అయినా ఖాళీ బండి నేను చూడను. ఈ పని నాకు నేర్పింది ఆమె.

ఆమె మొదటిసారి వంతెన ఎక్కిన పొద్దు ఇంకా కళ్ళ ముందే ఉంది. నేను వెంట వస్తానంటే వద్దంది. కిందే నిలబడి చూశాను. చేతులు గబగబా తిరుగుతున్నాయి, బండి కదిలీ కదలనట్టు పోతోంది. వెనక రెండు ఆటోలు, ఒక తవుడు లారీ ఆగిపోయాయి. లారీవాడు హారను కొట్టాడు. స్కూటరు మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆపి, పరిగెత్తి వచ్చి వెనక చేతులు వేశారు. ఆమె తల తిప్పకుండానే ఏదో అంది. ఏమందో నాకు వినపడలేదు. ఇద్దరూ చేతులు తీసేశారు. ఏం చెయ్యాలో తెలియక అటొకడు ఇటొకడు ఆమెతో పాటు నడిచారు. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. వాళ్ళూ ఆగారు. వంతెన నెత్తి మీదికి చేరాక మొదట చక్రాలు కనుమరుగయ్యాయి, తర్వాత పెట్టె. చివరికి తలకి చుట్టుకున్న నీలం కొంగు ఒక్కటే కనిపించింది. కాసేపటికి అదీ అవతలికి దిగిపోయింది.