లచ్చవ్వ అన్న మాటలు

1946 ఎండాకాలం. వరంగల్‌లో ఒక మిషన్ దవాఖానలో ఆడవాళ్ల వార్డుకు నేను నర్సును. కేసముద్రం దగ్గరి పల్లె నుంచి మల్లయ్య అనే కూలీ తన భార్య లచ్చవ్వను బండిలో పడుకోబెట్టుకొని తెచ్చాడు. వెంట ఆమె అక్క కొమురమ్మ వచ్చింది. తల్లి పోయాక లచ్చవ్వను పెంచింది ఆ అక్కే.

“దయ్యం పట్టిందంటాండ్రు, సిస్టరమ్మా,” అన్నాడు మల్లయ్య.

లచ్చవ్వ అక్క వైపు చూడకుండానే మాట్లాడింది. “ఇది నా గటకల విషం కలుపుతాంది. నా మొగని మీద కన్నేసింది. అవతలికి పొమ్మను.”

కొమురమ్మ చెల్లెలి కోసం తెచ్చిన చీర మంచం మీద పెట్టి వెళ్లిపోయింది.

లచ్చవ్వకు మెడ చుట్టూ, చేతుల మీద, ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచింది. విరేచనాలు ఆగడం లేదు. సాయంత్రం డాక్టరమ్మ చూసి పెలాగ్రా అన్నది. ఏడాది పొడుగునా జొన్నరవ్వతో వండే గటక తప్ప పప్పు, పాలు ఎరుగని ఇళ్లలో వచ్చే జబ్బు అది. ఒంట్లో ఒక విటమిన్ కరువై చర్మం, కడుపు, చివరికి మెదడు చెడతాయి. ఆ విటమిన్‌నే నికొటినిక్ యాసిడ్ గోలీలుగా ఇచ్చాం.

వారం తిరిగేసరికి లచ్చవ్వ తల దువ్వమని అడిగింది. తర్వాత “మా అక్క ఏది?” అన్నది.

మల్లయ్య పోయి కొమురమ్మను బతిమాలి తీసుకొచ్చాడు. ఆమె వరండా దాటి లోపలికి రాలేదు. నేనే బయటికి వెళ్లి, ఆ మాటలు జబ్బు ఆమె చేత అనిపించినవని, ఇప్పుడు తగ్గిందని చెప్పాను.

“మనసుల లేంది నోట్లెకు ఎట్లొస్తది, బిడ్డా? గోలీ మింగితే పోయేటియా గసొంటి మాటలు?”

నాకు తెలిసినంతలో మళ్లీ వివరించాను. ఆమె ఓపిగ్గా విన్నది. చెల్లెలు అన్నం తింటున్నదా అని మాత్రం అడిగి, ములుగు వైపు బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయేవాళ్లతో కలిసి వెళ్లిపోయింది.

లోపలికి వచ్చి లచ్చవ్వకూ అదే చెప్పాను. ఆ మాటలు నీవి కావు అన్నాను.

ఆమె అక్క పెట్టిపోయిన చీరను ఒళ్లోకి తీసుకుంది. “నాకు యాదికున్నది, సిస్టరమ్మా. అప్పుడు అదంత నిజమనే తోచింది. ఇప్పుడు మా అక్క మంచిదని ఎట్ల తోస్తాందో, అప్పుడు అది గట్లనే తోచింది. రెండిట్ల నాదేదో నాకెట్ల తెలుస్తది?”

అదే మాట నేను డాక్టరమ్మను అడిగితే, మెదడుకు తిండి లేకపోతే తలపు చెడుతుందన్నంత వరకే చెప్పగలిగింది.

లచ్చవ్వ తన కాళ్ల మీద నడిచి బండెక్కి ఇంటికి పోయింది. వానలు పడ్డాక మల్లయ్య మందు కోసం వచ్చాడు. కొమురమ్మ అడవి పల్లెల్లోనే ఉండిపోయిందనీ, కబురు పంపినా రాలేదనీ చెప్పాడు.

రోగి తేరుకున్నా, విన్నవాళ్లలో ఆ మాట ఉండిపోతుందని నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత అలా నల్లబడ్డ మెడలతో ఎవరు వచ్చినా, మంచం వేయకముందే వెంట వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చెప్పేదాన్ని: ఈమె ఏమన్నా మనసులో పెట్టుకోకండి, తేరుకునేదాకా ఇక్కడే ఉండండి అని. కొందరు ఉండేవాళ్లు.